ఫోల్డర్ ఉంది, డిస్కు లేదు: లినక్స్ మౌంట్ పాయింట్ల చిక్కుముడి

భీమవరంలో ఒక ఫోటో స్టూడియో అనుకోండి. మాఘమాసం ముహూర్తాలు, అంతర్వేది తీర్థం, వీటి మధ్య రెండు మూడు పుట్టినరోజులు. షూటింగ్ నుంచి వచ్చిన వీడియోలన్నీ రోజూ రాత్రి బయటి హార్డ్‌డిస్కులోకి వాటంతటవే కాపీ అయ్యేలా తెలిసిన కుర్రాడొకడు లినక్స్‌లో స్క్రిప్ట్ రాసిపెట్టాడు. పొద్దున్నే లాగ్ చూస్తే ఒక్క ఎర్రర్ కూడా ఉండదు. ఒకరోజు పెళ్లివారికి ఫుటేజ్ ఇవ్వాల్సి వచ్చి ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే, మూడు వారాల కిందటి ఫైళ్లతో సరి. ఆ తర్వాత కాపీ అయినవన్నీ ఏమయ్యాయి?

అవి ఎటూ పోలేదు. స్టూడియో కంప్యూటర్ సొంత ఎస్‌ఎస్‌డీలోనే, బ్యాకప్ అనే పేరున్న ఫోల్డర్‌లో ఉన్నాయి. మూడు వారాల కిందట కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ మళ్లీ లేచింది కానీ బయటి డిస్కు ఆ ఫోల్డర్‌కు తగులుకోలేదు. ఆ సంగతి స్క్రిప్ట్‌కు తెలియదు. "ఫలానా ఫోల్డర్‌లో వేయి" అని చెప్పారు, వేసింది.

లినక్స్‌లో డిస్కుల విషయంలో జనం పడే ఇబ్బందులు చాలావరకు ఇక్కడే పుడతాయి. ఫోల్డర్ వేరు, దాని వెనక ఉన్న డిస్కు వేరు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (జనాన్ని, బండ్లను నది దాటించే పడవ) ఆగే రేవు లాంటిది ఆ ఫోల్డర్. పంటు వచ్చినా రాకపోయినా రేవు అక్కడే ఉంటుంది. పంటు రాని పూట దింపిన సామాను రేవులోనే పడి ఉంటుంది తప్ప గోదావరి దాటదు.

ఇక్కడ కమాండ్లను పలికినట్టే రాస్తున్నాను. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు అవన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలు. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను.

అక్షరాలు లేవు, ఒక్క రూటే

విండోస్‌లో ప్రతి డిస్కుకూ ఒక అక్షరం ఉంటుంది. సీ డ్రైవ్, డీ డ్రైవ్, పెన్‌డ్రైవ్ పెడితే ఈ. డిస్కు పీకేస్తే ఆ అక్షరం కూడా పోతుంది కాబట్టి, లేని డిస్కులోకి రాయబోతే వెంటనే ఎర్రర్ వస్తుంది. యూనిక్స్ కుటుంబంలో అక్షరాలు లేవు. లినక్స్, మ్యాక్‌ఓఎస్, ఫ్రీబీఎస్‌డీ అన్నింటిలోనూ "/" అనే ఒకే ఒక్క రూట్, దాని కింద ఫోల్డర్లు, వాటి కింద ఫోల్డర్లు. కొత్త డిస్కు వస్తే దానికంటూ విడి లోకం ఉండదు. ఉన్న ఫోల్డర్లలో ఏదో ఒకదాని మీద దాన్ని తెచ్చి కూర్చోబెట్టాలి. ఆ పనిని మౌంట్ చేయడం అంటారు, అది కూర్చున్న ఫోల్డర్‌ను మౌంట్ పాయింట్ అంటారు.

ఈ ఏర్పాటు కొత్తది కాదు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తయారుచేసిన యూనిక్స్ తొలి మాన్యువల్ 1971 నవంబరు నాటిది. మౌంట్, యూమౌంట్ అప్పటికే అందులో ఉన్నాయి. అప్పటి వాళ్ల పీడీపీ-11 యంత్రంలో చిన్నదీ వేగమైనదీ అయిన డిస్కులో సిస్టమ్ ఉండేది. వాడేవాళ్ల ఫైళ్లకు రెండో డిస్కు. దాన్ని "/యూఎస్ఆర్" అనే ఫోల్డర్ మీద తగిలించేవారు. ఈనాడు మన డెస్క్‌టాపుల్లో 256 జీబీ ఎస్‌ఎస్‌డీలో సిస్టమ్, పక్కన పెద్ద హార్డ్‌డిస్కులో వీడియోలు పెట్టుకుంటున్నది కూడా అదే లెక్క.

దీనివల్ల లాభం పెద్దదే. ప్రోగ్రాములకు ఏ డిస్కు అన్నది పట్టదు, దారి ఒక్కటి తెలిస్తే చాలు. రేపు డిస్కు నిండిపోతే ఇంకా పెద్దది తెచ్చి అదే ఫోల్డర్ మీద మౌంట్ చేస్తే ఏ ప్రోగ్రాములోనూ ఏమీ మార్చక్కర్లేదు. నష్టం కూడా సరిగ్గా అక్కడే ఉంది. వెనక ఏ డిస్కు ఉందో ప్రోగ్రాము అడగదు కాబట్టి, ఏ డిస్కూ లేకపోయినా అడగదు.

ఒక డిస్కుకు మూడు పేర్లు

చిక్కు ముదిరేది పేర్ల దగ్గర. మొదటిది డివైస్ పేరు: "/డెవ్/ఎస్‌డీఏ", "/డెవ్/ఎస్‌డీబీ" వంటివి. వాటిలోని భాగాలు, అంటే పార్టిషన్లు, ఎస్‌డీబీ1, ఎస్‌డీబీ2. కొత్త రకం ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అయితే ఎన్‌వీఎంఈ0ఎన్1పీ1 లాగా ఉంటుంది. ల్యాప్‌టాప్ కార్డ్ స్లాట్‌లో కెమెరా కార్డు పెడితే చాలాసార్లు ఎంఎంసీబీఎల్‌కే0పీ1 అని వస్తుంది. ఈ ఏ, బీ, సీలు ఏ డిస్కుకూ సొంతం కావు. లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ కంటపడిన వరుసలో పంచిన టోకెన్లు అవి. ఈరోజు ఎస్‌డీబీగా ఉన్నది రేపు ఇంకో యూఎస్‌బీ డిస్కు ముందు దొరికితే ఎస్‌డీసీ అవుతుంది. డివైస్ పేరు నమ్ముకుని స్క్రిప్ట్ రాయకూడదని పదేపదే చెప్పేది అందుకే.

రెండోది యూయూఐడీ. డిస్కును ఫార్మాట్ చేసినప్పుడు ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) లోపల పడే గుర్తింపు సంఖ్య ఇది. డిస్కు ఏ కంప్యూటర్‌కు వెళ్లినా, ఏ పోర్టులో పెట్టినా మారదు. మళ్లీ ఫార్మాట్ చేస్తేనో, మనం కావాలని మారిస్తేనో మారుతుంది. లినక్స్ సొంత ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో ఇది గీతలతో కలిపి 36 అక్షరాలు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌లో 16. పెన్‌డ్రైవుల్లోని ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లో మధ్యలో గీతతో ఎనిమిదే. మనం పెట్టుకునే లేబుల్ కూడా ఇక్కడే ఉంటుంది, దాని బాధలు తర్వాత చూద్దాం. మూడోది మౌంట్ పాయింట్, అంటే ఫోల్డర్ దారి. అది డిస్కులో ఎక్కడా రాసి ఉండదు. ఈ కంప్యూటర్‌లో, ఈ క్షణాన మనం చేసిన ఏర్పాటు మాత్రమే.

మూడూ ఒకేచోట చూడాలంటే "ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్" కొట్టండి. డివైస్ పేరు, ఫైల్ సిస్టమ్ రకం, లేబుల్, యూయూఐడీ, మిగిలిన చోటు, మౌంట్ పాయింట్ వరుసగా వస్తాయి. చివరి గడి ఖాళీగా ఉంటే డిస్కు తగిలించి ఉంది గానీ మౌంట్ కాలేదన్నమాట. ఏది ఏ డిస్కో తేలకపోతే "-ఎఫ్" తీసేసి మళ్లీ కొట్టి సైజును బట్టి పోల్చుకోవచ్చు. ఒక టీబీ అని కొన్న డిస్కు అక్కడ 931 అని కనిపిస్తుంది. కొట్టువాడు మోసం చేయలేదు. అట్ట మీద వెయ్యి చొప్పున లెక్క, ఇక్కడ 1024 చొప్పున లెక్క, అంతే.

నన్నడిగితే ఇంతకంటే ముఖ్యమైన కమాండ్ ఇంకొకటి ఉంది. "ఫైండ్‌ఎంఎన్‌టీ -టీ", ఇక్కడ టీ పెద్ద అక్షరం, దాని పక్కన ఏదైనా ఫోల్డర్ లేదా ఫైల్ దారి. ఈ ఫైల్ నిజంగా ఏ డిస్కు మీద ఉంది అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతుంది. బ్యాకప్ ఫోల్డర్ పేరు ఇస్తే, మౌంట్ అయి ఉన్నప్పుడు ఎస్‌డీబీ1 అని, లేనప్పుడు "/" అని చూపిస్తుంది. భీమవరం స్టూడియోలో ఎవరైనా ఒక్కసారి ఇది కొట్టి ఉంటే మొదటిరోజే బయటపడేది. టైపింగ్ బద్ధకమైతే ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి "డీఎఫ్ -హెచ్ ." అన్నా అదే తెలుస్తుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. ఈఎక్స్‌టీ4 డిస్కు పైస్థాయిలో లాస్ట్+ఫౌండ్ అనే ఫోల్డర్ ఒకటి దానంతటదే ఉంటుంది. చూసి విసుక్కుని తుడిచేసేవాళ్లున్నారు, ఉంచుకోండి.

డెస్క్‌టాప్ చేసేది, మనం చేసేది

ఉబుంటు వంటి డెస్క్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి ఐకాన్ నొక్కితే మౌంట్ దానంతటదే అవుతుంది. వెనక యూడిస్క్స్ అనే సర్వీసు "/మీడియా/" కింద మీ యూజర్ పేరుతో ఒక ఫోల్డర్, అందులో డిస్కు లేబుల్ పేరుతో ఇంకో ఫోల్డర్ చేసి దాని మీద తగిలిస్తుంది. ఫెడోరాలో అయితే "/రన్/మీడియా/" కింద. పీకగానే ఆ ఫోల్డర్ కూడా తీసేస్తుంది. చేత్తో పెట్టి తీసే డిస్కులకు ఇది చాలా మంచి పద్ధతి. టెర్మినల్ నుంచే కావాలంటే "యూడిస్క్స్‌సీటీఎల్ మౌంట్ -బీ /డెవ్/ఎస్‌డీబీ1" అంటే సరి, సుడో (అడ్మిన్ హక్కులతో నడపమని కమాండ్ ముందు పెట్టే మాట) కూడా అక్కర్లేదు.

కానీ దీని మీద ఆధారపడి రాత్రిపూట నడిచే స్క్రిప్ట్ రాస్తే చిక్కు. మన స్టూడియోల్లో డిస్కులన్నీ విండోస్‌లో ఫార్మాట్ అయినవే, సగం వాటికి పేరే "న్యూ వాల్యూమ్". ఒకేసారి రెండు తగిలిస్తే మొదటిది న్యూ వాల్యూమ్, రెండోది న్యూ వాల్యూమ్1. రేపు వరుస మారితే పేర్లూ మారతాయి. పైగా మధ్యలో ఖాళీ ఉన్న పేరు కాబట్టి టెర్మినల్‌లో కోట్స్ పెట్టకపోతే షెల్ దాన్ని రెండు ముక్కలుగా చదువుతుంది. పాత ఫోల్డర్ తుడవకుండా మిగిలిపోయినా అంతే, డిస్కు ఒంటరిగా ఉన్నా న్యూ వాల్యూమ్1 అనే వస్తుంది. స్క్రిప్ట్ మాత్రం పాత పేరునే పట్టుకుని ఖాళీ ఫోల్డర్‌లోకి రాస్తుంది. మ్యాక్‌లో "/వాల్యూమ్స్" కింద కూడా ఇదే తంతు.

ఎప్పుడూ ఒకేచోట ఉండే డిస్కుకు మన చేత్తో మౌంట్ పాయింట్ పెట్టుకోవడం మేలు. "సుడో ఎంకేడీఐఆర్ /ఎంఎన్‌టీ/బ్యాకప్" అని ఫోల్డర్ చేయండి. "సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీబీ1 /ఎంఎన్‌టీ/బ్యాకప్" అని తగిలించండి. ఫైల్ సిస్టమ్ రకాన్ని మౌంటే కనిపెట్టుకుంటుంది.

ఓనర్‌షిప్ తగాదా ఇక్కడే మొదలవుతుంది. కొత్తగా ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేసిన డిస్కు రూట్ యూజర్ సొంతం, అంటే సర్వాధికారాలున్న అడ్మిన్ ఖాతాది. మీరు కాపీ చేయబోతే పర్మిషన్ లేదంటుంది. అప్పుడు చౌన్ (సీహెచ్ఓడబ్ల్యూఎన్) కమాండ్‌తో ఫోల్డర్‌ను మీ పేర రాయించుకోవాలి. అది మౌంట్ అయ్యాకే చేయాలి. మౌంట్ కాకముందు చేస్తే కింద ఉన్న ఖాళీ ఫోల్డర్ మీ పేరు మీదికి వస్తుంది, డిస్కు మాత్రం రూట్ దగ్గరే ఉంటుంది. ఇంకా ఘోరం, డిస్కు లేనప్పుడు కూడా ఆ ఫోల్డర్‌లోకి రాసే హక్కు మీ స్క్రిప్ట్‌కు దొరుకుతుంది. విసుగెత్తి, అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే 777 కొట్టేసేవాళ్ల పరిస్థితీ ఇంతే. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లలో ఓనర్ అనే భావనే లేదు కాబట్టి అక్కడ చౌన్ పనిచేయదు. మౌంట్ చేసేటప్పుడే "యూఐడీ=1000" అని ఆప్షన్ ఇవ్వాలి. చాలా లినక్స్‌లలో మొదటి యూజర్ నంబరు అదే.

కింద దాగిన ఫైళ్లు

ఖాళీగా లేని ఫోల్డర్ మీద డిస్కు మౌంట్ చేస్తే ఏమవుతుంది? లినక్స్ వద్దనదు, హెచ్చరించదు. పాత ఫైళ్లు కింద ఉండిపోతాయి, పైన డిస్కులోవి కనిపిస్తాయి. పాతవి చెరిగిపోవు, చోటు మాత్రం తింటూనే ఉంటాయి. అందుకే స్టూడియో వాళ్లు "అరె, మౌంట్ కాలేదు" అని గుర్తించి డిస్కు తగిలించిన మరుక్షణం ఆ మూడు వారాల వీడియోలు మాయమైనట్టు కనిపిస్తాయి. అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

ఇంకోచోట దీని లక్షణం వేరేగా బయటపడుతుంది. ఎస్‌ఎస్‌డీ నిండిపోయిందని డీఎఫ్ అంటుంది. ఫోల్డర్ ఫోల్డర్‌గా డీయూ కమాండ్‌తో లెక్కపెడితే నలభై జీబీ కూడా తేలదు. తక్కినదంతా మౌంట్ పాయింట్ కింద ఉంది, అక్కడికి డీయూ చూపు వెళ్లదు. రూట్ పూర్తిగా నిండితే డెస్క్‌టాప్‌లోకి లాగిన్ కూడా కాదు, పాస్‌వర్డ్ కొట్టగానే మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. వైరస్ అనుకుని కంప్యూటర్ ఫార్మాట్ చేయించుకునేవాళ్లు ఉంటారు. అప్పుడు నిజంగానే పోతాయి.

డిస్కును యూమౌంట్ చేస్తే దాగినవి కనిపిస్తాయి. డిస్కు వాడకంలో ఉండి యూమౌంట్ కుదరకపోతే ఇంకో దారి ఉంది. "/ఎంఎన్‌టీ/కింద" అనే అర్థం వచ్చేలా మరో ఖాళీ ఫోల్డర్ చేసి, "సుడో మౌంట్ --బైండ్ /" అని రాసి పక్కన ఆ ఫోల్డర్ దారి ఇవ్వండి. రూట్ ఫైల్ సిస్టమే రెండోచోట కనిపిస్తుంది, దాని మీద కూర్చున్న ఇతర డిస్కులు లేకుండా. ఆ కొత్త ఫోల్డర్ లోపల ఎంఎన్‌టీ, దాని లోపల బ్యాకప్ తెరిస్తే పోయాయనుకున్న వీడియోలు అక్కడే ఉంటాయి. వాటిని అసలు డిస్కులోకి కాపీ చేసి, సరిచూసుకుని, అప్పుడు కింది కాపీలు తుడవాలి. ఆ తర్వాత బైండ్ మౌంట్‌నూ విప్పేయండి. మరిచిపోయి అందులో ఏదైనా తుడిస్తే అసలు రూట్‌లో తుడిచినట్టే.

మళ్లీ జరగకుండా ఉండాలంటే రెండు చిన్న పనులు చాలు. స్క్రిప్ట్‌లో కాపీ లైనుకు ముందు "మౌంట్‌పాయింట్ -క్యూ /ఎంఎన్‌టీ/బ్యాకప్" అని పెట్టి, రెండు యాంపర్‌సండ్ గుర్తుల తర్వాత కాపీ చేసే ఆర్‌సింక్ కమాండ్ రాస్తే, డిస్కు మౌంట్ అయి ఉంటేనే కాపీ మొదలవుతుంది. రెండోది ఇంకా గట్టిది. డిస్కు మౌంట్ కాని సమయంలో, ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడు, "సుడో సీహెచ్ఏటీటీఆర్ +ఐ /ఎంఎన్‌టీ/బ్యాకప్" కొట్టండి. ఇక ఆ ఖాళీ ఫోల్డర్‌లోకి రూట్ యూజర్ కూడా ఏమీ రాయలేడు. డిస్కు మౌంట్ కావడానికి మాత్రం ఏ అడ్డూ ఉండదు, మౌంట్ అయ్యాక మామూలుగా రాసుకోవచ్చు. ఇంత పనికొచ్చే చిట్కా మామూలు పాఠాల్లో ఎందుకు కనిపించదో నాకు అర్థం కాదు.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్: ఒక్క లైను, ఆరు గడులు

చేత్తో చేసిన మౌంట్ రీస్టార్ట్ దాకే. కంప్యూటర్ లేచినప్పుడల్లా తగలాలంటే "/ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్" ఫైల్లో ఒక లైను రాయాలి. అందులో వరుసగా యూయూఐడీ, మౌంట్ పాయింట్, ఫైల్ సిస్టమ్ రకం, ఆప్షన్లు, చివర రెండు అంకెలు ఉంటాయి. మొదటి అంకె పాతకాలపు డంప్ ప్రోగ్రాము కోసం, సున్నా పెట్టి మరిచిపోండి. రెండోది బూట్‌లో డిస్కును పరీక్షించే వరుస: రూట్‌కు 1, మిగతా ఈఎక్స్‌టీ4 డిస్కులకు 2, పరీక్ష వద్దంటే 0.

ఇక్కడ కొంప ముంచేది ఆప్షన్ల గడి. ఉత్త "డిఫాల్ట్స్" అని రాసి వదిలేస్తే, ఆ డిస్కు లేకుండా కంప్యూటర్ లేవడం తప్పు అని బూట్‌లో అన్నింటినీ లేపే సిస్టమ్‌డీ అర్థం చేసుకుంటుంది. డిస్కు కోసం మామూలుగా 90 సెకన్లు చూసి, రాకపోతే ఎమర్జెన్సీ మోడ్ అని నల్ల తెర మీద ఆగిపోతుంది. యూఎస్‌బీ డిస్కును ఎవరో రావులపాలెం షూటింగ్‌కు పట్టుకెళ్లారు, ఇక్కడ కంప్యూటర్ లేవదు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి పోర్టులు చిలుము పట్టి కాంటాక్ట్ సరిగా లేకపోయినా ఫలితం అదే. ఆ తెర దగ్గరికి వస్తే కంగారుపడక్కర్లేదు. "మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /" అని కొట్టి, నానో ఎడిటర్‌తో ఎఫ్‌ఎస్‌ట్యాబ్ తెరిచి, ఆ లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీబూట్ చేస్తే లేస్తుంది.

అందుకే బయటి డిస్కులకు "నోఫెయిల్" ఆప్షన్ తప్పనిసరి. డిస్కు ఉంటే తగిలించు, లేకపోతే నీ దారిన నువ్వు లేచిపో అని దాని అర్థం. అయితే గమనించండి, నోఫెయిల్ పెట్టగానే మనం మొదలుపెట్టిన చోటికే వచ్చాం. డిస్కు లేకపోయినా కంప్యూటర్ హాయిగా లేస్తుంది, ఖాళీ ఫోల్డర్ నోరు తెరుచుకుని ఉంటుంది. కాబట్టి నోఫెయిల్ రాసిన ప్రతిచోటా పైన చెప్పిన రెండు జాగ్రత్తల్లో ఒకటైనా ఉండాలి.

లేదా ఇంకో పద్ధతి, నాకు ఎక్కువ నచ్చేది. ఆప్షన్లలో "నోఆటో", "ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్" అన్న రెండూ కామాతో రాయాలి. బూట్‌లో డిస్కు కోసం ఎదురుచూడటం ఉండదు. ఎవరైనా ఆ ఫోల్డర్‌ను ముట్టుకున్నప్పుడే మౌంట్ అవుతుంది. డిస్కు లేకపోతే ఖాళీ ఫోల్డర్ కనిపించదు, ఎర్రర్ వస్తుంది. విండోస్‌లో లేని డ్రైవ్ తెరిచినప్పుడు వచ్చే ఎర్రర్ లాంటి సుఖం ఇది. దానితోపాటు "ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=10ఎస్" కూడా చేరిస్తే ఎర్రర్ కోసం 90 సెకన్లు కూర్చోనక్కర్లేదు. ఒక్క మాట: ఈ పద్ధతిలో మౌంట్‌పాయింట్ కమాండ్ పరీక్ష పనికిరాదు. డిస్కు లేకపోయినా ఆటోమౌంట్ కాపలా ఆ ఫోల్డర్ మీద కూర్చునే ఉంటుంది కాబట్టి, అది అవుననే చెబుతుంది.

లైను రాశాక రీబూట్ చేసి అదృష్టం పరీక్షించుకోవద్దు. "ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై" తప్పులుంటే చూపిస్తుంది. తర్వాత "సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్", ఆపైన "సుడో మౌంట్ -ఏ". ఇవి గొడవ చేయకుండా పోతే బూట్‌లోనూ గొడవ రాదు. దారిలో ఖాళీ ఉన్న పేరుంటే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఖాళీ బదులు బ్యాక్‌స్లాష్ వేసి 040 అని రాయాలి. అసలు ఖాళీ లేని పేరు పెట్టుకుంటే ఈ బెడదే లేదు.

విప్పేటప్పుడు

కమాండ్ పేరు యూమౌంట్, స్పెల్లింగ్‌లో మొదటి యూ తర్వాత ఎన్ ఉండదు. డివైస్ పేరు ఇచ్చినా, మౌంట్ పాయింట్ ఇచ్చినా విప్పుతుంది.

విప్పకుండా పీకితే ఏమవుతుందని చాలామంది ధీమా. లినక్స్ రాయమన్న డేటాను వెంటనే డిస్కులో రాయదు, ముందు మెమరీలో పెట్టుకుని వెనక తీరిగ్గా రాస్తుంది. అందుబాటులో ఉన్న మెమరీలో 20 శాతం దాకా అలా పేరుకోవచ్చు, మామూలు సెట్టింగ్ అది. 16 జీబీ మెమరీ ఉన్న కంప్యూటర్‌లో సుమారు మూడు జీబీ అనుకోండి. సెకనుకు 10 ఎంబీ రాసే చవక పెన్‌డ్రైవ్‌కు ఆ మూడు జీబీ రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. తెర మీద కాపీ గీత మాత్రం ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. పెళ్లివారు గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నారని అప్పుడే పీకి ఇస్తే, ఇంటికెళ్లాక తలంబ్రాల దగ్గర వీడియో ఆగిపోతుంది. యూమౌంట్ కొడితే ఆ మిగిలినదంతా రాసేదాకా ప్రాంప్ట్ తిరిగి రాదు. ఆలస్యమవుతోందంటే అది పని చేస్తోందని అర్థం, కంట్రోల్ సీ కొట్టకండి. కరెంటు పోయినా ఇదే ప్రమాదం. ఈఎక్స్‌టీ4కు జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసిపెట్టుకునే చిట్టా) ఉంది కాబట్టి ఫైల్ సిస్టమ్ నిర్మాణం నిలబడుతుంది, ఎక్స్‌ఫ్యాట్‌కు అదీ లేదు. తుపాను రోజుల్లో ఇన్వర్టర్ లేకుండా ఎక్స్‌ఫ్యాట్ డిస్కులోకి పెద్ద కాపీలు పెట్టడం మొండిధైర్యం.

కొన్నిసార్లు "టార్గెట్ ఈజ్ బిజీ" అంటుంది. ఎక్కువసార్లు కారణం మనమే, టెర్మినల్ ఆ ఫోల్డర్ లోపలే ఉంటుంది. సీడీ కొట్టి బయటికి రండి. అయినా వదలకపోతే "ఫ్యూజర్ -వీఎం" పక్కన మౌంట్ పాయింట్ ఇస్తే పట్టుకున్న ప్రోగ్రాముల పేర్లు చెబుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరో, థంబ్‌నెయిళ్లు చేసుకుంటున్న ఫైల్ మేనేజరో అయి ఉంటుంది. ఇంటర్నెట్‌లో దీనికి "యూమౌంట్ -ఎల్" అనే మందు విరివిగా రాసిస్తుంటారు. నేను రాయను. ఫోల్డర్ మీదనుంచి డిస్కు మాయమైనట్టు కనిపిస్తుంది కానీ, పట్టుకున్న ప్రోగ్రాము వదిలేదాకా వెనక రాత నడుస్తూనే ఉంటుంది. విప్పాం కదా అని పీకేస్తారు, అక్కడ దెబ్బతింటుంది.

విండోస్ కూడా ఉన్న కంప్యూటర్లో ఇంకో తంటా. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కులు దాని చేతిలోనే ఉంటాయి. లినక్స్‌లోకి వస్తే అవి చదవడానికి మాత్రమే మౌంట్ అవుతాయి, లేదా మౌంట్ కామంటాయి. బలవంతపు ఆప్షన్లు వాడకండి. విండోస్‌లోకి వెళ్లి షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ కొట్టి లినక్స్‌లోకి రండి, రీస్టార్ట్‌లో అది పూర్తిగా ఆగుతుంది. శాశ్వతంగా అయితే పవర్ సెట్టింగుల్లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయడమే.

పేరు పెట్టడం

లేబుల్ తెలుగులో పెట్టుకుంటే ముచ్చటే, కాకపోతే చోటు చాలదు. ఈఎక్స్‌టీ4 లేబుల్‌కు 16 బైట్లే ఇస్తుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. ఆ లెక్కన "గోదావరి"కి 21 కావాలి, పట్టదు. "కోనసీమ"కు 18, పట్టదు. వశిష్ఠ, వైనతేయ కూడా 18 చొప్పునే. "గౌతమి" ఒక్కటి 15తో ఇరుక్కుని పడుతుంది. ఫోల్డర్ పేరుకైతే 255 బైట్లు కాబట్టి ఇబ్బంది లేదు. అయినా మౌంట్ పాయింట్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచడమే నయం, ఎమర్జెన్సీ మోడ్ నల్లతెర మీద తెలుగు కనిపించదు, టైపు చేయడమూ కుదరదు.

లేబుల్‌కు బదులు డిస్కు మీద స్టిక్కర్ వేసి యూయూఐడీ చివరి నాలుగు అక్షరాలు రాసుకోవచ్చు. బీరువాలో ఒకేలా ఉన్న డిస్కులు ఎన్ని ఉన్నా ఎల్ఎస్‌బీఎల్‌కేతో పోల్చుకోవచ్చు. ఒక్క సందర్భంలో ఇది బోల్తా కొడుతుంది. పాత డిస్కును డీడీ కమాండ్‌తో కొత్త డిస్కులోకి ఉన్నదున్నట్టు క్లోన్ చేస్తే యూయూఐడీ కూడా కాపీ అవుతుంది. రెండూ తగిలించి ఉంటే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఏది పట్టుకుంటుందో చెప్పలేం. ఎక్స్‌ఎఫ్ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ అయితే రెండోదాన్ని మౌంట్ చేయనంటుంది, ఈఎక్స్‌టీ4 అంత పట్టింపు లేకుండా ఒప్పుకుంటుంది, అదే ప్రమాదం. పాతదాన్ని యూమౌంట్ చేసి, "ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్"తో ఒకసారి పరీక్షించి, "సుడో ట్యూన్2ఎఫ్ఎస్ -యూ ర్యాండమ్" పక్కన దాని డివైస్ పేరు ఇవ్వండి, ఇక్కడ యూ పెద్ద అక్షరం. కొత్త సంఖ్య పడుతుంది. స్టిక్కర్ కూడా అప్పుడే మార్చేయండి.